క్యాంపస్‌లో కంప్యూటర్లు, ఫోన్లు: కంప్యూటర్ సెంటర్‌ని తరచుగా అడిగే ప్రశ్నలు

యూనివర్సిటీ కంప్యూటర్ సెంటర్‌లో పనిచేసేవాళ్లని క్యాంటీన్‌లో, కారిడార్‌లో ఆపి అడిగే ప్రశ్నలు కొన్నుంటాయి. హాస్టల్ పిల్లలు, పీహెచ్‌డీ స్కాలర్లు, ప్రొఫెసర్లు, పరీక్షల విభాగం సీనియర్ అసిస్టెంట్లు అందరూ అడుగుతారు. ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో ఏ క్యాంపస్‌లోనైనా దాదాపు ఇవే వినిపిస్తాయి కాబట్టి ఒకచోట చేర్చాం. మీ యూనివర్సిటీ నియమం ఎక్కడైనా తేడాగా ఉంటే దాన్నే పాటించండి.

యూనివర్సిటీ ఇచ్చిన ల్యాప్‌టాప్‌కి అడ్మిన్ పాస్‌వర్డ్ నాకెందుకివ్వరు?

మీ మీద నమ్మకం లేక కాదు. అడ్మిన్ హక్కులున్న అకౌంట్‌లో ఉండి ఒక చెడ్డ ఫైల్ తెరిస్తే, ఆ ఫైల్‌కీ అవే హక్కులు దక్కుతాయి. యాంటీవైరస్‌ని ఆపేస్తుంది, దాచిన పాస్‌వర్డ్‌లు ఏరుకుంటుంది, అదే నెట్‌వర్క్‌లో ఉన్న పక్క మెషీన్ల మీద పడుతుంది. మామూలు అకౌంట్‌లో అయితే నష్టం చాలావరకు మీ ఫోల్డర్ల దగ్గరే ఆగుతుంది. మా సెంటర్‌లో ఉన్నవాళ్లం కూడా మెయిల్ చూసుకునేది మామూలు అకౌంట్‌లోనే.

అలాగని ప్రతి ప్రింటర్ డ్రైవర్‌కీ మా చుట్టూ తిరగమనడం న్యాయం కాదు. పరికరాలతో పనిచేసే సైన్స్ డిపార్ట్‌మెంట్లకి ఇది నిజంగానే ఇబ్బంది. అలాంటివాళ్లకి రోజూ వాడేది కాకుండా ఇంకో అడ్మిన్ అకౌంట్ ఇచ్చి, సాఫ్ట్‌వేర్ ఎక్కించేటప్పుడు మాత్రమే ఆ పాస్‌వర్డ్ కొట్టమంటాం. సొంత ల్యాప్‌టాప్‌లో కూడా ఇలా రెండు అకౌంట్లు పెట్టుకోవచ్చు, పావుగంట పని.

నా ఫోన్‌లో యూనివర్సిటీ మెయిల్ పెట్టుకుంటే నా వాట్సాప్, ఫొటోలు మీకు కనిపిస్తాయా?

కనిపించవు. కానీ సెటప్ చేసేటప్పుడు వచ్చే అనుమతుల స్క్రీన్ చూస్తే ఎవరికైనా టెన్షన్ వస్తుంది, అందుకే ఈ ప్రశ్న ఇంతమంది అడుగుతారు.

ఆండ్రాయిడ్‌లో వర్క్ ప్రొఫైల్ అనే ఏర్పాటు ఉంది. ఆఫీసు యాప్‌లన్నీ అందులో విడిగా ఉంటాయి, వాటి బొమ్మల మీద చిన్న బ్రీఫ్‌కేస్ గుర్తు కనిపిస్తుంది. మాకు తెలిసేది ఫోన్ మోడల్, ఆండ్రాయిడ్ వెర్షన్, స్క్రీన్ లాక్ పెట్టారా లేదా, ఆ ప్రొఫైల్‌లో ఏ యాప్‌లున్నాయి అన్నవి. మీ ఫొటోలు, కాల్స్, మెసేజ్‌లు, మీరు విడిగా వేసుకున్న యాప్‌లు మాకు కనపడే దారి లేదు. ఫోన్ పోయిందని మీరు చెబితే మేం ఇక్కడి నుంచి చెరిపేది కూడా ఆ ప్రొఫైల్ వరకే.

పాత పద్ధతిలో మాత్రం కొంచెం జాగ్రత్త అవసరం. ఎక్స్‌చేంజ్ (మైక్రోసాఫ్ట్ వాళ్ల ఆఫీసు మెయిల్) ని ఫోన్‌తోపాటు వచ్చిన మెయిల్ యాప్‌లో పెట్టి, 'డివైస్ అడ్మినిస్ట్రేటర్' అని అడిగినప్పుడు ఒప్పుకుంటే, మొత్తం ఫోన్‌ని చెరిపే అధికారం సంస్థ చేతికి వెళ్లవచ్చు. డేటా అంతా చెరపవచ్చు అన్న వాక్యం కనిపిస్తే అక్కడే ఆగి మమ్మల్ని అడగండి.

యూనివర్సిటీ కొనిచ్చిన ట్యాబ్‌ల సంగతి వేరు. అవి మొదటి నుంచీ సంస్థ అదుపులో ఉండేలా సెటప్ చేసినవి. వాటిలో పెళ్లి ఫొటోలు దాచుకోకండి.

నా డెస్క్‌టాప్‌లో విండోస్ 10 శుభ్రంగా పనిచేస్తోంది. ఎందుకు మార్చమంటున్నారు?

పనిచేస్తుంది, ఇంకో ఐదేళ్లయినా చేస్తుంది. కాకపోతే 2025 అక్టోబర్ 14తో మైక్రోసాఫ్ట్ దానికి మామూలుగా ఇచ్చే భద్రతా అప్‌డేట్లు ఆపేసింది. ఆ తర్వాత బయటపడే లొసుగులు అలాగే ఉండిపోతాయి. విండోస్ 11 ఎక్కాలంటే టీపీఎం 2.0 అనే భద్రతా చిప్పు, ఇంటెల్ మెషీన్ అయితే మామూలుగా 8వ తరం ప్రాసెసర్ కావాలి. 2016, 2017 ప్రాంతంలో కొన్న ల్యాబ్ మెషీన్లు చాలావరకు ఇక్కడే ఆగిపోతాయి.

కొత్తవాటికి బడ్జెట్ వచ్చేదాకా రెండు దారులున్నాయి. ఒకటి, విద్యాసంస్థలకి మైక్రోసాఫ్ట్ అమ్మే పొడిగింపు అప్‌డేట్లు. మెషీన్‌కి మొదటి ఏడాది 1 డాలర్, రెండో ఏడాది 2, మూడో ఏడాది 4. మూడేళ్లకి కలిపి 7 డాలర్లు. దీనికి ఫైలు పెట్టి, అది నాలుగు బల్లలు తిరిగేసరికి అయ్యే ఖర్చే అంతకన్నా ఎక్కువ. రెండోది లినక్స్. సీ, పైథాన్ నేర్పే ల్యాబ్‌కి విండోస్ అవసరమే లేదు. ఉబుంటు ఉంది, సీ-డాక్ వాళ్ల బాస్ ఉంది, హైదరాబాద్ స్వేచ్ఛ సంస్థ తెలుగులో తెచ్చిన లినక్స్ ఉంది. పాత మెషీన్ మీద లినక్స్ వేస్తే పిల్లలు మొదటి వారం గొణుగుతారు, తర్వాత అలవాటు పడతారు.

యూట్యూబ్ చూసి పాత మెషీన్ మీద విండోస్ 11ని అడ్డదారిలో ఎక్కించడం ఇంట్లో సరదాకి అయితే సరే. ఆఫీసు మెషీన్ల మీద వద్దు.

క్లాసు మధ్యలో అప్‌డేట్ వచ్చి ప్రొజెక్టర్ మీద నీలం స్క్రీన్ తిరుగుతూ ఉంటుంది. దీన్ని ఆపేయకూడదా?

ఆపకూడదు, వాయిదా వేయవచ్చు. విండోస్ సెట్టింగ్స్‌లో 'యాక్టివ్ అవర్స్' అని ఉంటుంది. ఉదయం 8 నుంచి సాయంత్రం 6 అని పెడితే ఆ సమయంలో తనంతట తాను రీస్టార్ట్ కాదు. క్లాస్‌రూమ్ మెషీన్లకి ఇది మేమే పెట్టాల్సింది. పెట్టకపోతే తప్పు మాదే, ఫిర్యాదు చేయండి.

పూర్తిగా ఆపేస్తే ఏమవుతుందో 2017లో చూశాం. ఆ ఏడాది మే 12న వాన్నాక్రై అనే రాన్సమ్‌వేర్ (ఫైళ్లకి తాళం వేసి డబ్బడిగే వైరస్) ప్రపంచం మీద పడింది. అది వాడుకున్న లొసుగుకి మైక్రోసాఫ్ట్ మార్చిలోనే ప్యాచ్, అంటే దాన్ని పూడ్చే అప్‌డేట్, ఇచ్చేసింది. దెబ్బతిన్నవి ఎక్కువగా రెండు నెలలైనా ఆ ప్యాచ్ వేయని మెషీన్లే. ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖ కంప్యూటర్లు కొన్ని కూడా అందులో ఉన్నాయి.

మా తెలుగు శాఖలో పేజీలు కూర్చే పేజ్‌మేకర్, తెలుగు అను ఫాంట్లు ఉన్న పాత మెషీన్ తీసేయమంటున్నారు. అది పోతే మా పత్రిక ఆగిపోతుంది. ఏం చేయాలి?

తీసేయమని ఎవరైనా చెప్పి ఉంటే అది తొందరపాటు సలహా. ఆ మెషీన్‌లో ఏముందో మాకు తెలుసు. 2001లో వచ్చిన పేజ్‌మేకర్ 7, దాని తర్వాత అడోబీ ఇంకో వెర్షన్ తేలేదు. కింద విండోస్ ఎక్స్‌పీ, దానికి అప్‌డేట్లు 2014 ఏప్రిల్ 8న ఆగిపోయాయి. అందులో ఇరవై ఏళ్ల పరిశోధన పత్రిక సంచికలు, సెమినార్ సావనీర్లు, ఎవరూ మళ్లీ టైప్ చేయలేని శాసన పాఠాలు. కీబోర్డు మీద అక్షరాలు అరిగిపోయినా ఆపరేటర్ వేళ్లకి లేఅవుట్ కంఠతా వచ్చి ఉంటుంది.

మేం చెప్పేది ఒకటే: నెట్‌వర్క్ కేబుల్ పీకేయండి, మెషీన్ ఉంచుకోండి. వైఫై డాంగిల్ ఉంటే అదీ తీసేయండి. దాంట్లోకి పెన్ డ్రైవ్ పెట్టేముందు ఇంకో మెషీన్ మీద స్కాన్ చేయాలి, ఆ పెన్ డ్రైవ్‌ని దేనికీ వాడకుండా దీనికే కేటాయించాలి. హార్డ్ డిస్క్ మొత్తాన్ని ఉన్నదున్నట్టు ఒకే ఫైల్‌గా, అంటే ఇమేజ్‌గా, తీసి దాస్తాం, ఎందుకంటే ఆ వయసు డిస్క్ వైరస్ కన్నా ముందు తనంతట తానే పోయే అవకాశం ఎక్కువ. కావాలంటే ఆ ఇమేజ్‌ని కొత్త కంప్యూటర్‌లో వర్చువల్ మెషీన్‌గా (కంప్యూటర్ లోపల నడిచే ఇంకో కంప్యూటర్‌లా) నడపవచ్చు, దానికి నెట్ ఇవ్వకుండా.

ఇక అసలు మందు యూనికోడ్‌లోకి, అంటే ఏ మెషీన్‌లోనైనా ఒకేలా చదవగలిగే అక్షరాల పద్ధతిలోకి, రావడం. అను ఫాంట్లలో కొట్టింది ఆ ఫాంట్లు లేని మెషీన్‌లో పిచ్చి గీతల్లా కనిపిస్తుంది, వెతికితే దొరకదు. పీహెచ్‌డీ థీసిస్‌లు దాచే శోధగంగ సైట్‌లో పెట్టే తెలుగు థీసిస్‌లో ఒక్క మాట కూడా సెర్చ్‌కి అందకపోతే పెట్టీ ఏం లాభం? ఇన్‌డిజైన్ ఇప్పుడు తెలుగు యూనికోడ్‌ని బాగానే కూరుస్తుంది, ఉచితంగా కావాలంటే స్క్రైబస్ ఉంది. 'అందమైన ఫాంట్లు లేవు కదా' అంటారు. మండలి, రామభద్ర, సూరన్న, ధూర్జటి, గురజాడ లాంటివి ఉచితంగానే దొరుకుతున్నాయి. పాత ఫైళ్లని మార్చే కన్వర్టర్లు వత్తులు, అరసున్నల దగ్గర తడబడతాయి కాబట్టి ప్రూఫు తప్పదు.

జిరాక్స్ షాపులో ప్రింట్ తీయించి వచ్చాక పెన్ డ్రైవ్‌లో ఫోల్డర్లన్నీ షార్ట్‌కట్లు అయిపోయాయి. నా ఫైళ్లు పోయినట్టేనా?

దాదాపు ఎప్పుడూ పోవు. ఆ వైరస్ మీ అసలు ఫోల్డర్లని దాచేసి, అవే పేర్లతో షార్ట్‌కట్లు పెడుతుంది. మీరు నొక్కగానే ఫోల్డర్ తెరుచుకుంటుంది, దాంతోపాటు వైరస్ కూడా నడుస్తుంది, అందుకే చాలామందికి అనుమానమే రాదు. నొక్కకుండా మా దగ్గరికి తెండి. లినక్స్ మెషీన్‌లో పెడితే దాచిన ఫోల్డర్లు కనిపిస్తాయి, ఫైళ్లు తీసుకుని డ్రైవ్‌ని ఫార్మాట్ చేసి ఇస్తాం. ఫార్మాట్ చేసి ఇస్తానన్న స్నేహితుడి మాట వింటే మాత్రం ఫైళ్లు నిజంగానే పోవచ్చు.

యూనివర్సిటీ గేటు బయట షాపులని తప్పుపట్టలేం. సబ్మిషన్ల రోజుల్లో ఒక్కో కంప్యూటర్‌లో గంటకి ఎన్ని పెన్ డ్రైవ్‌లు దూరతాయో ఊహించుకోండి. ఎప్పుడైనా ఆ డెస్క్‌టాప్ వంక చూశారా? 'ఫైనల్', 'ఫైనల్ న్యూ', 'ఫైనల్ న్యూ 2' అన్న పీడీఎఫ్‌లు, ఎవరివో ఆధార్ కార్డులు, ఇంకెవరిదో కులధ్రువీకరణ పత్రం, టీసీ, పాస్‌పోర్ట్ మొదటి పేజీ. అన్నీ అక్కడే పడి ఉంటాయి, మీ తర్వాత వచ్చినవాళ్లందరికీ కనిపిస్తూ.

ప్రింట్ కోసం వెళ్లేటప్పుడు ఆ ఒక్క పీడీఎఫ్ ఉన్న పెన్ డ్రైవ్ తీసుకెళ్లండి, థీసిస్ మొత్తం ఉన్నది కాదు. షాపు వాట్సాప్ నంబర్‌కి పంపితే ప్రింట్ అయ్యాక 'డిలీట్ ఫర్ ఎవ్రీవన్' కొట్టండి, వాళ్ల డౌన్‌లోడ్స్ ఫోల్డర్‌లోంచి కూడా మీ కళ్ల ముందే తీసేయమనండి. అడిగితే ఎవరూ కాదనరు. అక్కడి బ్రౌజర్‌లో మీ మెయిల్ తెరవకండి. ఇప్పటికే తెరిచి ఉంటే, జీమెయిల్‌లో మీ డివైస్‌ల జాబితా, వాట్సాప్‌లో 'లింక్డ్ డివైసెస్' చూసి తెలియనివన్నీ లాగౌట్ చేయండి.

గణాంకాల సాఫ్ట్‌వేర్ ఎస్‌పీఎస్‌ఎస్ కొనే స్తోమత లేదు. క్రాక్ (లైసెన్స్ లేకుండా నడిచే దొంగ ప్రతి) వేసుకుంటే ఏమవుతుంది?

క్రాక్ చేసేవాడు మీకు ఉచితంగా సేవ ఎందుకు చేస్తున్నాడో ఆలోచించండి. 'ముందు యాంటీవైరస్ ఆపండి' అనేదే వాళ్ల మొదటి సూచన. విండోస్, ఆఫీస్ యాక్టివేటర్లది కూడా ఇదే కథ. బ్రౌజర్‌లో దాచిన పాస్‌వర్డ్‌లు దోచుకునే మాల్‌వేర్ ఎక్కువగా వచ్చేది ఈ దారినే.

సోషల్ సైన్స్ స్కాలర్లకి కావలసిన టీ-టెస్ట్, అనోవా, రిగ్రెషన్ అన్నీ జాస్ప్‌లో ఉన్నాయి, ఉచితం, మెనూలు కూడా సులువే. పీఎస్‌పీపీ చూడటానికి దాదాపు ఎస్‌పీఎస్‌ఎస్‌లాగే ఉంటుంది. ఇంజనీరింగ్ లెక్కలకి వాడే మ్యాట్‌ల్యాబ్ బదులు ఆక్టేవ్, సైల్యాబ్ ఉన్నాయి. ఐఐటీ బాంబే ఫాసీ ప్రాజెక్టు వాళ్లు ఇలాంటివాటిని కాలేజీల్లో వాడేలా ఎంతో పనిచేశారు. ఏదైనా కొనేముందు మీ యూనివర్సిటీకి ఇప్పటికే లైసెన్స్ ఉందేమో మమ్మల్ని అడగండి. ఉన్న సంగతి తెలియక క్రాక్ వేసుకున్నవాళ్లు తక్కువేం కాదు.

థీసిస్ వన్‌డ్రైవ్‌లో ఉంది. అది బ్యాకప్పే కదా?

సగం బ్యాకప్. సింక్ అంటే మీరిక్కడ చెరిపింది అక్కడా చెరిగిపోతుంది. రాన్సమ్‌వేర్ ఇక్కడ తాళం వేసిన ఫైల్, తాళంతో సహా అక్కడికి ఎక్కుతుంది. పాత వెర్షన్లు కొన్నాళ్లు దొరుకుతాయి నిజమే, ఆ గడువు దాటాక గమనిస్తే మేమూ ఏం చేయలేం.

మూడు ప్రతులు, రెండు రకాల చోట్ల, అందులో ఒకటి ఇంకో ఊళ్లో. అంటే ల్యాప్‌టాప్‌లో ఒకటి, క్లౌడ్‌లో ఒకటి, ఎక్స్‌టర్నల్ హార్డ్ డిస్క్‌లో ఒకటి. ఆ డిస్క్‌ని ఎప్పుడూ తగిలించి ఉంచకూడదు, కాపీ అవగానే తీసి పక్కన పెట్టాలి. పండక్కి ఇంటికెళ్లినప్పుడు అక్కడ వదిలి రావడం మంచి పద్ధతి. ల్యాప్‌టాప్ ఉన్న బ్యాగులోనే హార్డ్ డిస్క్ పెట్టుకుని సికింద్రాబాద్ స్టేషన్‌లో దిగేవాళ్లని చూస్తే మాకు గుండె ఆగినంత పనవుతుంది.

బ్యాకప్ ఉంది కదా అని నిశ్చింతగా ఉన్నవాళ్లకి జపాన్‌లో క్యోటో యూనివర్సిటీ కథ చెబుతుంటాం. 2021 డిసెంబర్‌లో అక్కడి సూపర్ కంప్యూటర్ స్టోరేజీలో 77 టెరాబైట్ల పరిశోధన డేటా చెరిగిపోయింది. హ్యాకర్లెవరూ రాలేదు. పాత లాగ్ ఫైళ్లు (మెషీన్ ఎప్పుడేం చేసిందో నమోదయ్యేవి) తీసేయాల్సిన బ్యాకప్ ప్రోగ్రామ్‌లో మార్పు చేస్తే, అది పరిశోధకుల ఫైళ్లు తీసేసింది. అందుకే నెలకోసారి మీ బ్యాకప్‌లోంచి ఏదో ఒక చాప్టర్ తెరిచి చూడండి. తెరుచుకుంటేనే అది బ్యాకప్.

ల్యాబ్ కంప్యూటర్ డెస్క్‌టాప్ మీద దాచుకునేవాళ్లకి విడిగా హెచ్చరిక: చాలా ల్యాబుల్లో డీప్ ఫ్రీజ్ లాంటిది ఉంటుంది. రీస్టార్ట్ చేయగానే మెషీన్ మొదటి స్థితికి వెళ్తుంది. మీ రికార్డు ప్రోగ్రామ్ కూడా దాంతోపాటే వెళ్తుంది.

మూడు నెలలకోసారి పాస్‌వర్డ్ మార్చాలా?

అక్కర్లేదు. అమెరికా ప్రమాణాల సంస్థ నిస్ట్ 2017లోనే ఈ పద్ధతి మానేయమంది. మార్చమని బలవంతపెడితే జనం చివరి అంకె 1ని 2 చేస్తారు, అంతే. పొడవుగా, ఇంకెక్కడా వాడనిది పెట్టుకోండి. నాలుగైదు తెలుగు మాటలు ఇంగ్లిష్ అక్షరాల్లో వరసగా రాసినా బాగుంటుంది, కాకపోతే అది అందరికీ తెలిసిన పాట పల్లవి కాకూడదు. లీకైందని అనుమానం వస్తే మాత్రం అప్పటికప్పుడు మార్చాలి.

దానికన్నా ముఖ్యం పాస్‌వర్డ్ తర్వాత అడిగే రెండో మెట్టు. ఎస్ఎంఎస్ ఓటీపీ కన్నా అథెంటికేటర్ యాప్ మేలు, దానికన్నా పాస్‌కీ (పాస్‌వర్డ్ బదులు ఫోన్ లాక్‌తోనో వేలిముద్రతోనో లాగిన్ అవడం) మేలు. మీరు లాగిన్ అవకుండానే 'అప్రూవ్ చేయండి' అని ఫోన్ మోగితే మీ పాస్‌వర్డ్ ఎవరి చేతిలోనో ఉందని అర్థం. విసుగొచ్చి అప్రూవ్ నొక్కేయకండి.

హెచ్ఓడీ గారి లాగిన్‌తో మార్కులు నేనే ఎక్కిస్తాను. సారే ఇచ్చారు పాస్‌వర్డ్. తప్పేముంది?

సారు మంచివారే, మీరూ మంచివారే. రేపు ఒక విద్యార్థి మార్కు మారిందని ఫిర్యాదు వస్తే పోర్టల్‌లో ఉండేది సారు పేరు, ఆ గదిలో ఉన్నది మీరు. ఇద్దరూ నిరూపించుకోలేరు. మీ పేరుతో, ఎంట్రీ వరకే అధికారం ఉన్న లాగిన్ అడిగి తీసుకోండి. సారు తన లాగిన్‌తో ఆమోదిస్తారు.

ఇంతకన్నా ప్రమాదం డిజిటల్ సిగ్నేచర్ టోకెన్. చాలా ఆఫీసుల్లో ఆ యూఎస్‌బీ ముక్క అసిస్టెంట్ సొరుగులో ఉంటుంది, పిన్ నంబరు దానికే స్టిక్కర్ మీద రాసి ఉంటుంది. బిల్లుల మీద, టెండర్ల మీద అది అధికారి సంతకం. ఆ కీ వేరేవాళ్ల చేతికి పోకుండా చూసుకునే బాధ్యత సంతకం యజమానిదేనని 2000 నాటి ఐటీ చట్టం 42వ సెక్షన్ చెబుతోంది. ఇంకొకరి పాస్‌వర్డ్‌నో డిజిటల్ సంతకాన్నో మోసపూరితంగా వాడితే 66సీ కింద మూడేళ్ల వరకు జైలు, లక్ష రూపాయల వరకు జరిమానా. సాయంత్రం ఇంటికెళ్లేటప్పుడు టోకెన్ అధికారి బ్యాగులోనో లాకర్‌లోనో ఉండాలి.

వీసీ గారి ఫొటోతో వాట్సాప్ వచ్చింది. మీటింగ్‌లో ఉన్నాను, అర్జెంటుగా గిఫ్ట్ కార్డులు కొనమంటున్నారు.

వీసీ గారికి మీ గిఫ్ట్ కార్డులతో పనిలేదు. ఫొటో, పేరు యూనివర్సిటీ వెబ్‌సైట్‌లోవే, నంబరు మాత్రం కొత్తది. జవాబివ్వకుండా వీసీ పేషీకి ల్యాండ్‌లైన్‌లో ఫోన్ చేయండి. కొత్తగా చేరిన అసిస్టెంట్ ప్రొఫెసర్లే వీటికి ఎక్కువ దొరుకుతారు, పెద్దాయన అడిగితే కాదనలేక.

పెళ్లిపత్రిక, చలానా అంటూ వాట్సాప్‌లో వచ్చే ఏపీకే (ఆండ్రాయిడ్ యాప్) ఫైళ్లు తెరవవచ్చా?

తెరవకండి. పెళ్లిపత్రిక బొమ్మగానో పీడీఎఫ్‌గానో వస్తుంది. యాప్‌గా రాదు. తెరిచి అనుమతులిచ్చేస్తే అది మీ ఎస్ఎంఎస్‌లు చదివి ఓటీపీలు పట్టుకుపోతుంది, మీ గ్రూపులన్నింటికీ తనని తానే పంపుకుంటుంది. ఇప్పటికే వేసేసి ఉంటే వెంటనే మొబైల్ డేటా, వైఫై ఆపి, ఇంకో ఫోన్ నుంచి బ్యాంకుకి ఫోన్ చేసి, తర్వాత ఈ ఫోన్ రీసెట్ చేయించండి.

క్యాంపస్ వైఫైలో నేనేం చూస్తున్నానో మీకు తెలుస్తుందా?

ఏ సైట్‌కి వెళ్లారో చాలావరకు తెలుస్తుంది, అందులో ఏం చదివారో, ఎవరికేం రాశారో తెలియదు. లాగ్‌లు ఉంచడం మా సరదా కాదు. కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్ 28న ఇచ్చిన ఆదేశాల ప్రకారం 180 రోజుల లాగ్‌లు దాచాలి. పోలీసులు చట్టప్రకారం అడిగితే తప్ప వాటిని తవ్వి చూసే తీరిక ఎవరికీ లేదు. మీ లాగిన్ రూమ్మేట్‌కి ఇస్తే వాడు చేసింది మీ పేరు మీద పడుతుంది, అది గుర్తుంచుకోండి.

ఎడ్యురోమ్ (ప్రపంచంలోని యూనివర్సిటీలు పంచుకునే వైఫై) ఉన్న క్యాంపస్ అయితే దాన్నే వాడండి. మన దేశంలో ఎర్నెట్ ఇండియా నడుపుతోంది. ఒకసారి పెట్టుకుంటే ఇంకో యూనివర్సిటీకి సెమినార్‌కి వెళ్లినా, పైచదువుకి జర్మనీ వెళ్లాక మొదటిరోజు అక్కడి క్యాంపస్‌లో ఉన్నా, మీ లాగిన్‌తోనే కలుస్తుంది. సెటప్‌లో సర్టిఫికెట్ దగ్గర 'వాలిడేట్ చేయవద్దు' అని పెట్టకండి. అలా పెడితే ఎవరైనా అదే పేరుతో నకిలీ వైఫై పెట్టి మీ పాస్‌వర్డ్ పట్టేయవచ్చు. హాస్టల్ గదిలో సొంత రౌటర్ పెట్టడం గురించి మాత్రం దయచేసి మళ్లీ అడగకండి. తీగ తప్పు పోర్టులో పెట్టి ఒక్క రౌటర్ మొత్తం ఫ్లోర్‌కి నెట్ లేకుండా చేయగలదు.

ఫోన్ పోయింది. ముందు ఏం చేయాలి?

ముందు గూగుల్ ఫైండ్ హబ్ (ఇదివరకటి ఫైండ్ మై డివైస్) నుంచి లాక్ చేయండి. తర్వాత సిమ్ బ్లాక్ చేయించండి, ఎందుకంటే యూపీఐ, ఓటీపీలు అన్నీ దాని మీదే ఉన్నాయి. మూడోది బ్యాంకు. డబ్బు కదిలినట్టు కనిపిస్తే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయాలి, ఇక్కడ నిమిషాలే లెక్క. ఆ తర్వాత పోలీసు ఫిర్యాదు, డూప్లికేట్ సిమ్, దాంతో ప్రభుత్వ సంచార్ సాథీ సైట్‌లో, పోయిన ఫోన్లని ఆపే సీఈఐఆర్‌లో ఐఎంఈఐ (ఫోన్ గుర్తింపు సంఖ్య) బ్లాక్. ఇలా దొరికిన ఫోన్లని తెలంగాణ, ఆంధ్ర పోలీసులు తరచుగా యజమానులకి తిరిగి ఇస్తున్నారు, కాబట్టి ఆశ వదులుకోకండి. ఐఎంఈఐ ఇప్పుడే రాసిపెట్టుకోండి: *#06# కొడితే 15 అంకెలు వస్తాయి. యూనివర్సిటీ మెయిల్ అందులో ఉంటే మాకూ చెప్పండి.

ల్యాప్‌టాప్ పోతే అందులోని డేటా దొంగకి దొరుకుతుందా?

డిస్క్ ఎన్‌క్రిప్ట్ చేయకపోతే, అంటే కీ లేనిదే చదవలేని రూపంలోకి మార్చకపోతే, దొరుకుతుంది. విండోస్ పాస్‌వర్డ్ దాన్ని ఆపదు, డిస్క్ విప్పి ఇంకో మెషీన్‌కి తగిలిస్తే చాలు. విండోస్‌లో బిట్‌లాకర్ లేదా డివైస్ ఎన్‌క్రిప్షన్, మ్యాక్‌లో ఫైల్‌వాల్ట్ ఆన్ చేయండి. బిట్‌లాకర్ 48 అంకెల రికవరీ కీ ఇస్తుంది, దాన్ని ఆ ల్యాప్‌టాప్‌లోనే దాచుకుంటే ఉపయోగం లేదు. కొత్త విండోస్ 11 మెషీన్లలో ఎన్‌క్రిప్షన్ తనంతట తానే ఆన్ అయి, కీ మైక్రోసాఫ్ట్ అకౌంట్‌లోకి వెళ్లి ఉండవచ్చు. కొన్నప్పుడు షాపువాడు తన మెయిల్‌తో సెటప్ చేసి ఇచ్చాడా? అయితే కీ అతని అకౌంట్‌లో ఉంది. ఇవాళే మార్చుకోండి.

కండెమ్ చేసిన కంప్యూటర్లు వేలం వేస్తున్నాం. హార్డ్ డిస్కులు ఫార్మాట్ చేశాం, చాలు కదా?

చాలదు. మామూలు ఫార్మాట్ తర్వాత కూడా ఫైళ్లు తిరిగి లాగవచ్చు. మామూలు హార్డ్ డిస్క్ అయితే మొత్తం ఒకసారి తిరగరాయాలి, ఎస్ఎస్‌డీ అయితే తయారీదారు ఇచ్చే సెక్యూర్ ఎరేజ్ వాడాలి, పనిచేయనివాటిని పగలగొట్టాలి. పరీక్షల విభాగం డిస్కులని మేం ఎప్పుడూ పగలగొట్టేస్తాం. పెద్ద జిరాక్స్ మెషీన్లలోనూ హార్డ్ డిస్క్ ఉండవచ్చు, వేలంలో అందరూ మరిచిపోయేది అదే. 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్న ఈ-వ్యర్థాల నియమాల ప్రకారం పెద్ద సంస్థలు పాత సామాను నమోదైన రీసైక్లర్‌కో రీఫర్బిషర్‌కో ఇవ్వాలి. పాత ఇనుము కొనేవాడికి కాదు.

తెలియక లింక్ నొక్కేశాను. ఎవరికీ చెప్పకపోతే ఏమవుతుంది?

ఈ పేజీలో ఒక్కటే చదివే ఓపిక ఉంటే ఇది చదవండి. నెదర్లాండ్స్‌లోని మాస్ట్రిక్ట్ యూనివర్సిటీలో 2019 అక్టోబర్‌లో ఒక ఫిషింగ్ మెయిల్‌లోని (నమ్మించి మోసం చేసే మెయిల్) లింక్ తెరిచారు. ఆ రోజు ఏమీ కాలేదు. దొంగలు రెండు నెలలకి పైగా లోపలే తిరిగి, అప్‌డేట్ చేయని సర్వర్లు వెతుక్కుని, క్రిస్మస్ సెలవుల ముంగిట డిసెంబర్ 23న 267 సర్వర్లకి తాళం వేశారు. కొన్ని బ్యాకప్‌లకీ వేశారు. యూనివర్సిటీ 30 బిట్‌కాయిన్లు, అప్పటి లెక్కన దాదాపు 2 లక్షల యూరోలు, కట్టింది. సంక్రాంతి సెలవుల్లో మన సర్వర్ గది ఎలా ఉంటుందో ఆలోచించండి.

కాబట్టి నొక్కిన వెంటనే నెట్ కేబుల్ తీయండి లేదా వైఫై ఆపండి. మెషీన్ షట్‌డౌన్ చేయకండి, ఆధారాలు మెమరీలో ఉంటాయి. స్క్రీన్ మీద కనిపించేదాన్ని ఫొటో తీసి మాకు పంపండి, పాస్‌వర్డ్ ఇంకో పరికరం నుంచి మార్చండి. సెర్ట్-ఇన్ ఆదేశాల ప్రకారం ఇలాంటి సంఘటనని గమనించిన 6 గంటల్లో సంస్థ వాళ్లకి తెలియజేయాలి, మీరు రెండు రోజులు మథనపడితే ఆ గడువు గాలికి పోతుంది. చెప్పినందుకు మెమో ఇవ్వకూడదన్నది మా సెంటర్ పట్టుదల. మెమో ఇచ్చే ఆఫీసుల్లో జనం చెప్పడం మానేస్తారు, అంతకుమించి ఏమీ జరగదు.

మార్కుల జాబితా, ఫోన్ నంబర్లతో సహా క్లాసు వాట్సాప్ గ్రూపులో పెట్టవచ్చా?

వద్దు. 2023లో డిజిటల్ వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టం వచ్చింది, 2025 నవంబర్‌లో నియమాలూ వచ్చాయి. డేటాకి తగిన భద్రత కల్పించకపోతే జరిమానా 250 కోట్ల రూపాయల దాకా ఉండవచ్చు. చట్టం సంగతి అలా ఉంచితే, ఆడపిల్లల నంబర్లు ఇలాంటి జాబితాల నుంచే బయటికి పోతున్నాయి. ఎవరి మార్కు వాళ్లే చూసుకునేలా పోర్టల్‌లో పెట్టండి. స్కాలర్‌షిప్ కోసం తీసుకున్న ఆధార్ ఫొటోలు పని అయిపోగానే ఫోన్‌లోంచి తీసేయండి.

కోర్సు అయిపోయింది, వెళ్లిపోతున్నాను. ఏమేం చేయాలి?

యూనివర్సిటీ మెయిల్ కొన్నాళ్లకి మూసేస్తారు. అంతలోపు మెయిల్, డ్రైవ్ ఫైళ్లు దింపుకోండి. ఆ మెయిల్‌తో ఎక్కడెక్కడ అకౌంట్లు తెరిచారో చూసి సొంత మెయిల్‌కి మార్చండి: గిట్‌హబ్, లింక్డ్ఇన్, ఆర్కిడ్ (పరిశోధకుల గుర్తింపు సంఖ్య), జర్నల్ సబ్మిషన్లు. అమెరికా, కెనడా వెళ్లేవాళ్లు మార్కుల మదింపు సంస్థలకి ఈ మెయిలే ఇచ్చి ఉంటే అది మొదట మార్చాలి, లేకపోతే ఓటీపీ రాని మెయిల్ చూసుకుంటూ అక్కడి నుంచి మాకు ఫోన్లు చేస్తారు.

యూనివర్సిటీ ల్యాప్‌టాప్, ట్యాబ్ తిరిగి ఇచ్చేటప్పుడు మీ గూగుల్, యాపిల్ అకౌంట్లు తీసేసి ఇవ్వండి. తీయకుండా రీసెట్ చేస్తే అది లాక్ అయిపోయి తర్వాతి విద్యార్థికి పనికిరాదు. చార్జర్ కూడా తేవాలి. చార్జర్ లేకుండా నో డ్యూస్ మీద సంతకం పడదు, ఇందులో బతిమాలడాలు పనిచేయవు.